గ్రీకు పురాణాల పరీక్షకి ఎలా చదవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చదివే మన పిల్లలకి గ్రీకు పురాణాలు సాధారణంగా రెండుసార్లు ఎదురవుతాయి. కాలిఫోర్నియా లాంటి చోట్ల ఆరో తరగతి సోషల్ స్టడీస్‌లో ప్రాచీన గ్రీసు పాఠంతో ఒకసారి, చాలా బడుల్లో తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో హోమర్ అనే గ్రీకు కవి కావ్యం ఒడిస్సీతో ఇంకోసారి. మా అమ్మాయి చదివేటప్పుడు పక్కన కూర్చుని నేనూ చదివాను. ఆ తర్వాత తెలిసినవాళ్ళ పిల్లలు కొందరు శనివారాలు మా ఇంటికి వచ్చి చదువుకునేవారు. వాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ పదే పదే అడిగిన ప్రశ్నలివి.

స్టడీ గైడ్‌లో డెబ్భై పేర్లున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేర్ల దగ్గర మొదలుపెట్టొద్దు. ఒక భయం దగ్గర మొదలుపెట్టండి: "నా కొడుకు నన్ను దించేస్తాడు" అని తండ్రికి ఉండే భయం. ఈ ఒక్క దారం పట్టుకుంటే సగం పురాణం దానంతట అదే వరసలోకి వస్తుంది.

మొదట కేయాస్, అంటే ఏమీ లేని అగాధం. తర్వాత భూమి, ఆమె పేరు గాయా. ఆమెకి పుట్టిన ఆకాశం ఊరనస్. వాళ్ళిద్దరి పిల్లలు పన్నెండు మంది టైటన్లు, ముగ్గురు ఒంటికన్ను సైక్లోప్‌లు, నూరు చేతులవాళ్ళు ముగ్గురు. ఊరనస్ తన పిల్లల్ని వెలుగు చూడనివ్వకుండా భూమి లోపలే దాచేశాడు. నొప్పి భరించలేక గాయా ఒక కొడవలి చేసింది. అది అందుకున్నవాడు చిన్న కొడుకు క్రోనస్. తండ్రిని గాయపరిచి రాజయ్యాడు.

ఇప్పుడు ఆ భయం క్రోనస్‌ది. భార్య రియా కన్న పిల్లల్ని పుట్టినవాళ్ళని పుట్టినట్టే మింగేశాడు: హెస్టియా, డిమీటర్, హెరా, హేడీస్, పొసైడన్. ఆరోవాడు జియస్ పుట్టినప్పుడు రియా ఒక రాయిని పొత్తిగుడ్డల్లో చుట్టి మొగుడి చేతిలో పెట్టింది, బిడ్డని క్రీట్ దీవిలో దాచింది. జియస్ పెరిగి వచ్చి అన్నల్నీ అక్కల్నీ కక్కించాడు. పదేళ్ళు యుద్ధం జరిగింది. టైటన్లు ఓడిపోయి పాతాళం లాంటి టార్టరస్‌లో పడ్డారు.

మూడో తరంలో జియస్‌కీ అదే భయం. మొదటి భార్య మెటిస్‌కి పుట్టబోయే కొడుకు తనని మించిపోతాడని తెలిసి, జియస్ ఈసారి బిడ్డని కాదు, గర్భవతిగా ఉన్న తల్లినే మింగేశాడు. అందుకే ఎథీనా ఆయన తలలోంచి పుట్టింది. "ఎథీనా ఎలా పుట్టింది?" అన్నది టెస్టుల్లో తరచుగా వచ్చే ప్రశ్న. "తలలోంచి" అని బట్టీ పడితే వారంలో మరిచిపోతారు. "ఎందుకు తలలోంచి" అని తెలిస్తే మరిచిపోరు.

ఈ కథంతా హీసియడ్ అనే కవి క్రీ.పూ. 700 ప్రాంతంలో చెప్పిన థియోగనీలో ఉంది. ఆ పేరుకి అర్థమే "దేవతల పుట్టుక".

పన్నెండు మంది ఒలింపియన్ల లిస్టు ఒక్కో చోట ఒక్కోలా ఉందేం?

పదకొండు పేర్లు దాదాపు ఎప్పుడూ ఒకటే: జియస్, హెరా, పొసైడన్, డిమీటర్, ఎథీనా, అపోలో, ఆర్టెమిస్, ఏరీస్, ఆఫ్రొడైటీ, హెఫైస్టస్, హెర్మీస్. పన్నెండో స్థానంలో కొందరు హెస్టియాని, కొందరు డయొనైసస్‌ని పెడతారు. హేడీస్ ఉండేది ఒలింపస్ కొండ మీద కాదు, భూమి కింద. అందుకే జియస్‌కి అన్నే అయినా ఆయన్ని సాధారణంగా ఈ లెక్కలో చేర్చరు. మీ టీచరు ఇచ్చిన కాగితంలో ఎవరున్నారో చూసుకుని అదే రాయండి.

రోమన్ పేర్లు కూడా రావాలన్నారు. గుర్తుపెట్టుకునే ఉపాయం ఉందా?

మన వారాల పేర్లే ఉపాయం. వారంలో ఏ రోజు ఏ గ్రహానిదన్న వరస మన దగ్గరా పాత రోమన్ల దగ్గరా ఒకటే. మంగళవారం కుజుడిది, అంటే మార్స్, గ్రీకులో ఏరీస్. బుధవారం మెర్క్యురీ, గ్రీకులో హెర్మీస్. గురువారం జూపిటర్, అంటే జియస్. శుక్రవారం వీనస్, అంటే ఆఫ్రొడైటీ. శనివారం శాటర్న్, అంటే క్రోనస్. ఐదు జతలు అయిపోయాయి. ఒక్కటి మాత్రం పిల్లలకి ముందే చెప్పండి: మనకి శుక్రుడు మగవాడు, అసురుల గురువు. వీనస్ ఆడదేవత. గ్రహం ఒకటే, కథ వేరు.

మిగిలినవి చదువుకోవాల్సిందే: హెరా జూనో, పొసైడన్ నెప్ట్యూన్, హేడీస్ ప్లూటో, డిమీటర్ సీరీస్, ఎథీనా మినర్వా, ఆర్టెమిస్ డయానా, హెఫైస్టస్ వల్కన్, హెస్టియా వెస్టా, డయొనైసస్ బాకస్. అపోలోకి రెండు చోట్లా అదే పేరు. వీరుల్లో హెరక్లీస్‌ని రోమన్లు హెర్క్యులీస్ అన్నారు, ఒడిసియస్‌ని యులిసీస్ అన్నారు. గ్రీకు పేరు అడిగిన చోట రోమన్ పేరు రాస్తే మార్కు పోవచ్చు. ఆదరాబాదరాగా రాసే పిల్లలు ఎక్కువగా ఇక్కడే పోగొట్టుకుంటారు.

పేర్లు పలకడం రావట్లేదు, స్పెల్లింగ్ అసలే రావట్లేదు. ఏం చెయ్యాలి?

ముందు పలకడం నేర్చుకుంటే స్పెల్లింగ్ సులువవుతుంది. మూడు సంగతులు చాలు. ఒకటి, గ్రీకు పేర్లలో సి, హెచ్ కలిసి వస్తే "చ" కాదు, "క". కేయాస్, కైరాన్, అకిలీజ్ అన్నీ అంతే. రెండు, పేరు చివర ఇ అక్షరం ఉంటే దాన్ని "ఈ" అని పలకాలి: పెనెలొపీ, పర్సెఫొనీ, ఆఫ్రొడైటీ, సైకీ. మూడు, పేరు మొదట్లో పి తర్వాత ఎస్ వస్తే పి పలకదు. సైకీ పేరు అలాగే మొదలవుతుంది.

మా ఇంట్లో చదువుకున్న పిల్లలు పేరుని తెలుగు లిపిలో ఒక పక్క, ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇంకో పక్క రాసుకున్న కార్డులు వాడారు. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం కదా.

ఒకే కథ రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది. ఏది కరెక్టు?

రెండూ. గ్రీకులకి అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క గ్రంథం లేదు. కవులు చెప్పారు, నాటకకర్తలు మార్చారు, ఊరూరికీ ఒక పాఠం ఉంది. ఆఫ్రొడైటీ సముద్రపు నురుగులోంచి పుట్టిందని హీసియడ్ అంటాడు. జియస్‌కీ డయోనీకీ కూతురని హోమర్ తన ట్రోజన్ యుద్ధపు కావ్యం ఇలియడ్‌లో అంటాడు. డిమీటర్ కూతురు పర్సెఫొనీ దానిమ్మ గింజ తిన్నందుకు ఏడాదిలో మూడో వంతు భూమి కింద గడపాలని పాత గ్రీకు స్తోత్రం చెబుతుంది. సరిగ్గా సగం ఏడాదని రోమన్ కవి ఓవిడ్ చెబుతాడు. మెడూసా ఒకప్పుడు అందగత్తె, మినర్వా కోపం వల్ల జుట్టు పాములైందన్నది ఓవిడ్ చెప్పిన కథ. హీసియడ్ దగ్గర ఆమె పుట్టుకతోనే గోర్గన్ అనే రాక్షసి.

క్లాసులో చదివిన పాఠమే పరీక్షకి ఆధారం. కానీ పెద్ద జవాబులో "ఓవిడ్ ప్రకారం" అనో "హీసియడ్ ప్రకారం" అనో ఒక్క ముక్క రాయగలిగితే ఆ పిల్ల నిజంగా చదివిందని టీచరుకి అర్థమవుతుంది.

ఇంకొకటి. గ్రీకు కథల్లో మొదటి స్త్రీ పండోరా తెరిచిన కష్టాల పాత్ర పెట్టె కాదు, పెద్ద బాన. పదహారో శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లోకి మార్చేటప్పుడు అది పెట్టె అయింది. అప్పటి నుంచి లోకమంతా పెట్టె అనే అంటోంది. అందులో చివరికి మిగిలింది ఆశ.

మన పురాణాలతో పోల్చి చదివితే మంచిదేనా?

గుర్తుపెట్టుకోవడానికి చాలా మంచిది. నాకు తెలిసినంతలో మన పిల్లల చేతిలో ఉన్న అతి పెద్ద బలం ఇదే. నానమ్మ దగ్గర భాగవతం, భారతం విన్న పిల్లలకి గ్రీకు కథ వినగానే "ఇది మనకి తెలిసిందే" అనిపిస్తుంది.

మనవడి చేతిలో చావు రాసి ఉందని ఎక్రీసియస్ రాజు కూతురు డనాయీని ఖైదు చేశాడంటే కంసుడు గుర్తొస్తాడు. ఆమెనీ పసివాడు పెర్సియస్‌నీ పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలారంటే కర్ణుడు గుర్తొస్తాడు. ఒడిసియస్ విల్లు ఎక్కుపెట్టి పన్నెండు గొడ్డళ్ళ గుండా బాణం వేశాడంటే సీత, ద్రౌపదుల స్వయంవరాలు గుర్తొస్తాయి. చనిపోయిన భార్య కోసం ఆర్ఫియస్ పాతాళానికి వెళ్ళాడంటే సావిత్రి గుర్తొస్తుంది.

అయితే పోలిక దగ్గరే ఆగిపోకుండా, తేడా ఎక్కడుందో కూడా చెప్పించండి. సావిత్రి భర్తని తెచ్చుకుంది. ఆర్ఫియస్ పైకి వచ్చేదాకా వెనక్కి చూడొద్దన్న షరతు తప్పి యూరిడిసీని రెండోసారి పోగొట్టుకున్నాడు. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు. చిక్కుదారుల కట్టడంలోకి వెళ్ళిన థీసియస్‌కి బయటికి దారి చూపించింది అరియాడ్నీ అనే రాకుమారి ఇచ్చిన దారపు ఉండ. ఈ తేడా నోటితో ఒకసారి చెప్పిన పిల్లకి ఆ కథ మళ్ళీ చదవక్కర్లేదు.

రెండు పొరపాట్లు మాత్రం చేయనివ్వకండి. హేడీస్ అంటే యముడు అనుకోవద్దు. యముడు పాపపుణ్యాలు విచారిస్తాడు. హేడీస్ చనిపోయినవాళ్ళ లోకానికి రాజు, అంతే. అక్కడ తీర్పు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు: మైనాస్, రాడమాంథస్, ఈకస్. అలాగే టైటన్లు రాక్షసులు కారు. వాళ్ళు వెనకటి తరం దేవతలు.

నిజమైన చుట్టరికం ఒకటుంది. జియస్ పేరు, జూపిటర్ పేరు, ఋగ్వేదంలోని ద్యౌస్ పిత, మూడూ ఒకే పాత మూలం నుంచి వచ్చిన మాటలు. "తండ్రి ఆకాశం" అని అర్థం. మా అమ్మాయికి ఇది చెప్పిన రోజు తను ఆ పేజీ వదిలి పెట్టలేదు. టెస్టులో రాలేదు, అయినా ఆ రోజు నుంచే తనకి ఈ పాఠం మీద ఇష్టం పెరిగింది.

సినిమాలు, నవలలు చూసి చదివితే సరిపోతుందా?

ఆసక్తి పుట్టడానికి సరిపోతాయి. టెస్టుకి సరిపోవు. పిల్లల కార్టూన్లలో హెరక్లీస్ తల్లి హెరా అన్నట్టు ఉంటుంది. అసలు కథలో తల్లి ఆల్క్‌మీనీ అనే మానవ స్త్రీ, హెరా అతని మీద పగబట్టిన సవతితల్లి. హేడీస్‌ని విలన్‌గా చూపించడం కూడా ఈ కాలపు అలవాటే.

ట్రోజన్ యుద్ధం ఎప్పుడూ కలగాపులగం అయిపోతోంది. ఎలా చదవాలి?

ఇక్కడ మొదట చెప్పిన భయాన్నే మళ్ళీ పట్టుకోండి. సముద్ర దేవత థెటిస్‌కి పుట్టే కొడుకు తండ్రిని మించినవాడవుతాడని జోస్యం ఉంది. ఆమెని ఇష్టపడ్డ జియస్ అది విని వెనక్కి తగ్గి, ఆమెని పీలియస్ అనే మనిషికి ఇచ్చి పెళ్ళి చేయించాడు. ఆ పెళ్ళికి కలహ దేవత ఎరిస్‌ని పిలవలేదు. ఆమె "అందరికంటే అందగత్తెకి" అని రాసిన బంగారు ఆపిల్ విసిరింది. హెరా, ఎథీనా, ఆఫ్రొడైటీ ముగ్గురూ నాదంటే నాదన్నారు. తీర్పు ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కి అప్పగించారు. ఆఫ్రొడైటీ అతనికి లంచంగా హెలెన్‌ని ఇస్తానంది. హెలెన్ అప్పటికే స్పార్టా రాజు మెనెలేయస్ భార్య. పారిస్ ఆమెని తీసుకుపోయాడు. ఆమె కోసం గ్రీకులు ట్రాయ్ మీద చేసిన పదేళ్ళ యుద్ధం అలా మొదలైంది. ఆ పెళ్ళికి పుట్టిన కొడుకే అకిలీజ్. ఊరనస్ నుంచి ట్రాయ్ దాకా ఒకే దారం.

ఇప్పుడు ఏ కథ ఏ పుస్తకంలో ఉందన్నది. హోమర్ ఇలియడ్‌లో పదేళ్ళ యుద్ధం మొత్తం ఉండదు. పదో ఏడాదిలో కొన్ని వారాల కథ మాత్రమే ఉంటుంది. అకిలీజ్ వాటాకి వచ్చిన బందీ బ్రిసేయిస్‌ని గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ లాక్కుంటే, అకిలీజ్ కోపంతో యుద్ధం మానేస్తాడు. అతని కవచం తొడుక్కుని వెళ్ళిన ప్రాణస్నేహితుడు పట్రోక్లస్‌ని ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ చంపుతాడు. అకిలీజ్ హెక్టర్‌ని చంపి శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు. చివరికి హెక్టర్ తండ్రి, ట్రాయ్ ముసలి రాజు ప్రియామ్ రాత్రి పూట శత్రువు గుడారానికి వచ్చి, తన కొడుకుల్ని చంపిన చేతుల్ని ముద్దు పెట్టుకుని శవాన్ని అడుగుతాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఇలియడ్ హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. ఎంత టైం లేకపోయినా ఈ ప్రియామ్ ఘట్టం మాత్రం పిల్లలతో కూర్చుని చదవండి.

అంటే చెక్క గుర్రం ఇలియడ్‌లో లేదు. అకిలీజ్ చావు కూడా లేదు. గుర్రం ప్రస్తావన ఒడిస్సీలో వస్తుంది, వివరంగా రోమన్ కవి వర్జిల్ ఈనియడ్‌లో ఉంది. అకిలీజ్‌ని స్టిక్స్ నదిలో ముంచారని, మడమ మాత్రం తడవలేదని చెప్పే కథ హోమర్‌లో ఎక్కడా లేదు, చాలా తర్వాతిది. ఇలియడ్‌లో చెక్క గుర్రం ఉందని మా అమ్మాయికి నేనే చెప్పాను. తను అలాగే రాసింది, మార్కు పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒడిస్సీలో సంఘటనల వరస ఎలా గుర్తుపెట్టుకోవాలి?

రెండు వరసలున్నాయి, ప్రశ్న దేని గురించో చూడాలి. ట్రాయ్ యుద్ధం అయ్యాక తన ఊరు ఇథాకాకి బయల్దేరిన రాజు ఒడిసియస్ కథ ఇది. పుస్తకం మొదలయ్యేసరికి అతను కలిప్సో అనే దేవత దీవిలో ఏడేళ్ళుగా చిక్కుకుని ఉన్నాడు. మొదటి నాలుగు భాగాలూ కొడుకు టెలిమాకస్‌వి. పాత సాహసాలన్నీ తొమ్మిది నుంచి పన్నెండో భాగం వరకూ ఒడిసియస్ స్వయంగా చెప్పే ఫ్లాష్‌బ్యాక్.

జరిగిన వరస ఇదీ: సికోన్లు, లోటస్ తినేవాళ్ళు, సైక్లోప్ పాలిఫీమస్, గాలుల సంచి ఇచ్చిన ఈయొలస్, లెస్ట్రిగోనియన్లు, సర్సీ, మృతుల లోకం, సైరన్లు, సిల్లా కరిబ్డిస్, సూర్యుడి ఆవులు, కలిప్సో, ఫియేసియన్లు, ఇథాకా. పిల్లలతో ఒక మ్యాపు గీయించి ఓడల్ని లెక్కపెట్టించండి. బయల్దేరినవి పన్నెండు. లెస్ట్రిగోనియన్ల దగ్గర పదకొండు పోయి ఒక్కటి మిగులుతుంది. ఆవుల్ని తిన్నందుకు అదీ పోతుంది. కలిప్సో దగ్గరికి చేరింది ఒక్క మనిషి.

హెరక్లీస్ పన్నెండు పనులు వరసగా ఎలా?

దిక్కులతో. మొదటి ఆరూ దగ్గర్లోనే, పెలొపొనీస్‌లోనే: నెమియా సింహం, హైడ్రా, బంగారు కొమ్ముల లేడి, ఎరిమాంథస్ అడవిపంది, ఆజియస్ పశువులశాల, స్టింఫాలస్ పక్షులు. తర్వాత దక్షిణాన క్రీట్ ఎద్దు, ఉత్తరాన మనుషుల్ని తినే గుర్రాలు, తూర్పున అమెజాన్ రాణి నడికట్టు, పడమట గెరియన్ పశువులు. చివరి రెండూ లోకం అంచు దాటి: హెస్పెరిడీస్ బంగారు ఆపిళ్ళు, పాతాళంలోని కుక్క సెర్బెరస్. రాజు యూరిస్థియస్ అసలు చెప్పినవి పదే. హైడ్రా దగ్గర తమ్ముడి కొడుకు అయొలాస్ సాయం చేశాడని, పశువులశాలకి కూలి అడిగాడని ఆ రెండూ లెక్కలోంచి తీసేసి ఇంకో రెండు కలిపారు.

వ్యాసం ప్రశ్నకి ఏం రాయాలి?

కథ మొత్తం తిరగ రాయడం ఎక్కువమంది చేసే తప్పు. ఒక భావం పట్టుకుని రెండు మూడు కథల్లోంచి ఋజువులు చూపించాలి.

అతిథి ధర్మం, గ్రీకు మాటలో జెనియా, దీనికి చాలా బాగుంటుంది. మన "అతిథి దేవో భవ" ఇంటివాడితోనే మాట్లాడుతుంది. జెనియా వచ్చినవాడికి కూడా నియమం పెడుతుంది. పారిస్ తనకి అన్నం పెట్టిన మెనెలేయస్ భార్యని తీసుకుపోయాడు. పాలిఫీమస్ గుమ్మంలోకి వచ్చినవాళ్ళని తినేశాడు. ఒడిసియస్ భార్య పెనెలొపీని పెళ్ళాడతామని వచ్చినవాళ్ళు ఇంటివాడు లేని ఇంట్లో ఏళ్ళ తరబడి తిని కూర్చున్నారు. ముగ్గురికీ శిక్ష పడింది. ఇలా మూడు వాక్యాలు సరిగ్గా పడితే వ్యాసం నిలబడుతుంది. గర్వం మీద అడిగితే, తప్పించుకున్నాక ఆగలేక పాలిఫీమస్‌కి తన అసలు పేరు అరిచి చెప్పిన ఒడిసియస్ ఒక్కడే చాలు. ఆ పేరు తెలియకపోతే పాలిఫీమస్ తండ్రి పొసైడన్ శాపం తగిలేదే కాదు.

ఈ కథల్లో హింస, పిల్లలకి తగని సంగతులు ఉన్నాయి. చెప్పాలా?

బడి పుస్తకాలు వయసుకి తగ్గట్టే తగ్గించి రాస్తాయి. పిల్లలు అడిగితే దాచొద్దు, చిన్న మాటల్లో చెప్పండి. జియస్ చేసినవన్నీ మంచి పనులని చెప్పక్కర్లేదు, గ్రీకులే అలా అనుకోలేదు.

ఇండియాలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఇది నాకు పనికొస్తుందా?

తప్పకుండా. టెన్నిసన్, జేమ్స్ జాయిస్ ఇద్దరూ యులిసీస్ అన్న రోమన్ పేరే ఎందుకు వాడారో, షెల్లీ ప్రొమీథియస్ ఎవరికి ఎదురు తిరిగాడో తెలియాలంటే ఈ కథలు కావాలి. మీరు మాత్రం తగ్గించి రాసిన కథలతో ఆగకండి, ఇలియడ్, ఒడిస్సీల మంచి అనువాదం పూర్తిగా చదవండి.

వారమే ఉంది. టెన్షన్‌గా ఉంది.

మొదటి రెండు రోజులు వంశవృక్షం, చూడకుండా గీసేదాకా. తర్వాత మూడు రోజులు రోజుకి రెండు కథలు, పుస్తకం మూసి ఇంట్లో ఎవరికైనా గట్టిగా చెప్పాలి. తెలుగులో చెప్పినా ఫరవాలేదు, ఇంకా మంచిది. ఆరో రోజు రోమన్ పేర్లు, స్పెల్లింగులు. ఏడో రోజు తప్పు పోయినవి మాత్రమే చూసుకుని పెందలాడే పడుకోవాలి.

పరీక్షలో పేరు గుర్తు రాకపోతే?

ఖాళీ వదలొద్దు. "చనిపోయినవాళ్ళని నాణెం తీసుకుని నది దాటించే పడవవాడు" అని రాసి ముందుకి వెళ్ళమనండి. చాలామంది టీచర్లు దానికి కొంత మార్కు ఇస్తారు. పేజీ చివరికి వచ్చేసరికి చాలాసార్లు కేరన్ అన్న పేరు దానంతట అదే గుర్తొస్తుంది. అప్పుడు వెనక్కి వచ్చి రాయొచ్చు.